విక్రమసింహపురిలో పాట జాడలు: నెల్లూరు సంగీత స్మృతిస్థలాల పరిశీలన

ఉపోద్ఘాతం

ఒక నగరానికి ఉన్న సంగీత చరిత్రను ఆ నగర వీధుల్లో నడుస్తూ చెప్పవచ్చా? కవి పుట్టిన ఇల్లు, శాసనం దొరికిన గుడి, యుద్ధం జరిగిన మైదానం యాత్రికుడికి చూపించదగినవి. పాట అలాంటిది కాదు. పాడినంతసేపే అది ఉంటుంది. పాడిన చోట దాని గుర్తు మిగలదు. అయినా ప్రపంచంలో కొన్ని నగరాలు తమ పాటల జాడలను వరుసగా పేర్చి, దారి చూపే మనిషిని పెట్టి, సందర్శకులకు చూపిస్తున్నాయి. అమెరికాలోని టెన్నెసీ రాష్ట్ర రాజధాని నాష్‌విల్ ఇందుకు ప్రసిద్ధమైన ఉదాహరణ. అక్కడ 'కంట్రీ' అనే పల్లె సంగీతానికి సంబంధించిన వేదికలు, రికార్డింగు గదులు, మ్యూజియం ఒక పర్యాటక క్రమంలో ఒదిగిపోయాయి.

ఫ్రెంచి చరిత్రకారుడు పియెర్ నోరా 1984 నుంచి 1992 వరకు వెలువరించిన సంపుటాల్లో స్మృతిస్థలం అనే భావనను ప్రతిపాదించాడు. సజీవ స్మృతి సన్నగిల్లినప్పుడే సమాజం స్మృతిస్థలాలను నిర్మించుకుంటుందని ఆయన వాదం. ఈ భావనను ఆధారంగా తీసుకొని, నెల్లూరు నగరంలోనూ దాని పరిసరాల్లోనూ పాటకు సంబంధించిన స్థలాలను ఒక నడక క్రమంలో పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం. ఏ పాటకు చోటు దొరికింది, ఏ పాటకు దొరకలేదు, ఆ తేడాకు కారణాలేమిటి అన్నవి ఇందులో ప్రధాన ప్రశ్నలు. నాష్‌విల్‌ను ఆదర్శంగా గాక పోలికకు మాత్రమే తీసుకోవడం జరిగింది.

ఇక్కడ ఒక పారిభాషిక వివరణ అవసరం. 'కంట్రీ' అన్న మాటకు తెలుగులో జానపదం అని రాయడం పరిపాటి. అయితే మన లక్షణ సంప్రదాయంలో అంతకంటె దగ్గరగా ఉన్న మాట 'దేశి'. మార్గ, దేశి అన్న విభజన సంగీతానికీ నృత్యానికీ కవిత్వానికీ వర్తించింది. పాల్కురికి సోమనాథుడు పండితారాధ్య చరిత్రలో తుమ్మెద పదాలు, ప్రభాత పదాలు, పర్వత పదాలు, ఆనంద పదాలు, శంకర పదాలు, నివాళి పదాలు, గొబ్బి పదాలు, వెన్నెల పదాలు అంటూ పేర్కొన్న జాబితా దేశి గానానికి మనకు దొరికిన తొలి పట్టికల్లో ఒకటి. ఆ పట్టికలో పాటల పేర్లున్నాయి, సందర్భాలున్నాయి. స్థలాలు లేవు. దేశి గానానికి స్థలం కంటె సందర్భమే ముఖ్యమని దీన్ని బట్టి ఊహించవచ్చు. ఈ లక్షణం మన చర్చలో మళ్లీ మళ్లీ ఎదురవుతుంది.

నగర సంచారం: తెలుగు పూర్వరంగం

దారి చూపిస్తూ నగరాన్ని వర్ణించడం తెలుగు సాహిత్యానికి కొత్త కాదు. క్షేత్ర మాహాత్మ్యాలు, స్థల పురాణాలు యాత్రికుడికి ఏ తీర్థం తరువాత ఏ తీర్థం సేవించాలో చెబుతాయి. లౌకికమైన నగర సంచారానికి మాత్రం క్రీడాభిరామమే మేలైన నిదర్శనం. వినుకొండ వల్లభరాయని పేర ప్రసిద్ధమై, కర్తృత్వం గురించి పండితుల మధ్య వాదోపవాదాలకు కారణమైన ఈ వీథి రూపకాన్ని వేటూరి ప్రభాకరశాస్త్రి పరిష్కరించి వెలుగులోకి తెచ్చారు. ఇందులో గోవింద మంచన శర్మ, టిట్టిభ సెట్టి అనే ఇద్దరు మిత్రులు ఓరుగల్లు వీధుల్లో రోజంతా తిరుగుతారు. గుడులు, అంగడులు, పూటకూళ్ల ఇల్లు, కోడి పందేలు వారికి ఎదురవుతాయి.

మన ప్రస్తుతాంశానికి ముఖ్యమైన విషయం మరొకటి ఉంది. ఆ నడకలో వారు పల్నాటి వీరుల కథను పాడే స్త్రీని చూస్తారు. జక్కుల పురంధ్రి గానాన్ని వింటారు. అంటే ఓరుగల్లు నగర వర్ణనలో కోటలూ తోరణాలతో సమానంగా పల్లె పాట కూడా చూడవలసిన వస్తువైంది. కవి ఆ పాట పాడిన భవనాన్ని వర్ణించలేదు. పాడుతున్న మనిషిని, ఆమె వాయిద్యాన్ని, చుట్టూ గుమిగూడిన జనాన్ని వర్ణించాడు. ఆధునిక పర్యాటక క్రమం కట్టడాన్ని చూపిస్తే, క్రీడాభిరామ కర్త గాయకురాలిని చూపించాడు. నగర సంచారానికి ఈ రెండు పద్ధతులూ వేరువేరు. నెల్లూరును ఏ పద్ధతిలో చూడాలన్నది ఆలోచించవలసిన విషయం.

నాష్‌విల్: గదిలోకి వచ్చిన పల్లె పాట

నాష్‌విల్ చరిత్రను సంక్షిప్తంగా గుర్తుచేసుకోవడం ఇక్కడ ఉపయుక్తం. ఆ నగరంలో ఈనాడు రైమన్ ఆడిటోరియంగా పేరొందిన కట్టడం 1892లో క్రైస్తవ ప్రార్థన సభల కోసం వెలసింది. టామ్ రైమన్ అనే పడవల వ్యాపారి ఒక మత ప్రచారకుని ఉపన్యాసం విని, దానికి పూనుకున్నాడు. 1904లో ఆయన మరణించిన తరువాత ఆయన పేరు దానికి స్థిరపడింది. 1925 అక్టోబరులో డబ్ల్యు.ఎస్.ఎం. అనే రేడియో కేంద్రం ఆ నగరంలో ప్రసారాలు మొదలుపెట్టింది. అదే ఏడాది నవంబరులో ఆ కేంద్రం పల్లె ఫిడేలు వాయిద్యకారుడొకరిని కూర్చోబెట్టి కార్యక్రమం నడిపింది. ఆ కళాకారుడు అంకుల్ జిమ్మీ థాంప్సన్ అప్పటికి 77 ఏళ్ల వృద్ధుడు. 1927 నుంచి ఆ కార్యక్రమం 'గ్రాండ్ ఓల్ ఆప్రీ' అన్న పేరుతో ప్రసిద్ధమైంది. 1943 నుంచి 1974 వరకు అది రైమన్ ఆడిటోరియం నుంచే ప్రసారమైంది.

1974లో ఆప్రీ కొత్త భవనానికి మారినప్పుడు, పాత వేదిక నుంచి సుమారు ఆరడుగుల వెడల్పున్న గుండ్రటి ఓక్ చెక్క నేలను కోసి, కొత్త వేదిక నడుమ అమర్చారు. గాయకులు ఇప్పటికీ ఆ వలయంలో నిలబడి పాడుతారు. 2010 మేలో వచ్చిన వరదలో కొత్త భవనం మునిగినా, ఆ చెక్కను బాగుచేసి మళ్లీ యథాస్థానంలో ఉంచారు. రైమన్ కట్టడం కూల్చివేత ప్రమాదాన్ని తప్పించుకొని, 1994లో ప్రదర్శనశాలగా తిరిగి తెరుచుకుంది.

ఈ చరిత్రలో రెండు అంశాలు గమనార్హం. మొదటిది నామకరణం. తొలి దశాబ్దాల్లో ఆ సంగీతాన్ని 'హిల్‌బిల్లీ' అన్న చిన్నచూపు మాటతో వ్యవహరించేవారు. 1949లో బిల్‌బోర్డ్ పత్రిక తన పట్టికలకు 'కంట్రీ అండ్ వెస్టర్న్' అన్న పేరు పెట్టడంతో ఆ సంగీతానికి మర్యాద పెరిగింది. రెండవది విస్మృతి. ఆప్రీ తొలి తారల్లో డిఫోర్డ్ బెయిలీ అనే నల్లజాతి హార్మోనికా కళాకారుడున్నాడు. 1941లో ఆయనను తొలగించారు. ఆ తరువాత ఆయన అదే నగరంలో బూట్లకు పాలిష్ పెట్టే దుకాణంతో బతికాడు. 1982లో మరణించాడు. కంట్రీ సంగీత ప్రముఖుల జాబితాలో ఆయన పేరు చేరడానికి 2005 వరకు ఆగవలసి వచ్చింది. స్మృతిస్థలం గుర్తుంచుకోవడానికే కాదు, మరచిపోవడానికి కూడా సాధనమవుతుందని ఈ ఉదంతం చెబుతుంది.

పెన్న ఒడ్డు: పుల్లరి కథ

నెల్లూరు నడక పెన్న దక్షిణ తీరాన, తల్పగిరి రంగనాథస్వామి ఆలయ ప్రాంతం నుంచి మొదలుపెట్టడం సముచితం. విక్రమసింహపురి అన్న ప్రాచీన నామం గల ఈ నగరం 13వ శతాబ్దంలో తెలుగు చోడ ప్రభువు మనుమసిద్ధికి రాజధాని. ఆయన మంత్రి తిక్కన నిర్వచనోత్తర రామాయణాన్ని ఆ ప్రభువుకే అంకితమిచ్చి, ఆపైన విరాటపర్వం మొదలుకొని 15 పర్వాల భారతాన్ని తెనిగించాడు. సింహాసనం కోల్పోయిన మనుమసిద్ధి పక్షాన ఆయన ఓరుగల్లుకు రాయబారిగా వెళ్లి కాకతి గణపతిదేవుని సహాయం సంపాదించినట్లు సిద్ధేశ్వర చరిత్ర చెబుతుంది. పెన్న ఒడ్డున భారత రచన సాగిందన్న ఐతిహ్యం నెల్లూరు వారి నాలుక మీద ఉంది. మార్గ కవిత్వానికి సంబంధించినంత వరకు ఈ తీరం స్థిరమైన స్మృతిస్థలం.

అదే కాలాన్ని, అదే రాజవంశాన్ని చెప్పే మరొక గానం ఉంది. అది కాటమరాజు కథ. కొమ్మువారు కొమ్ము ఊదుతూ, వీరణం వాయిస్తూ, గొల్లల కోసం ఈ కథాచక్రాన్ని గానం చేస్తారు. తంగిరాల వెంకట సుబ్బారావు సేకరించి పరిష్కరించిన కాటమరాజు కథలను ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ రెండు సంపుటాలుగా ప్రచురించింది. ఈ చక్రంలోని కేంద్ర వృత్తాంతం నెల్లూరుతో ముడిపడింది. కరువు వల్ల పశువుల మందలను తోలుకొని వచ్చిన యాదవ నాయకుడు కాటమరాజు, నెల్లూరు ప్రభువుకు పుల్లరి చెల్లించే ఒప్పందం మీద ఆ సీమ పచ్చిక బయళ్లలో మందలు మేపుకుంటాడు. ఒప్పందం పుట్టబోయే కోడెదూడల రూపంలో జరుగుతుంది. తరువాత రాజు ఉంపుడుకత్తె పెంచుకున్న చిలుక పశుల కాపరుల చేతిలో చావడం, అందుకు ప్రతిగా ఆమె మనుషులు ఆవులను చంపించడం, కాటమరాజు పుల్లరి ఇవ్వననడం, యుద్ధం సంభవించడం కథాక్రమం. గానంలో రాజు పేరు నల్లసిద్ధి. చరిత్రకారులు ఆయనను మనుమసిద్ధిగా గుర్తించారు. రాజు పక్షాన సేనాపతి ఖడ్గ తిక్కన. ఆయన సిద్ధన కుమారుడు, తిక్కన సోమయాజికి పెదతండ్రి కొడుకు.

దీన్ని బట్టి ఒకే కుటుంబం రెండు వాఙ్మయాల్లోకి రెండు తీర్ల ప్రవేశించింది. ఒక తిక్కన భారతం రాశాడు. మరొక తిక్కన కొమ్మువారి పాటలో ప్రతిపక్ష వీరుడయ్యాడు. యుద్ధం నుంచి వెనుదిరిగి వచ్చిన ఖడ్గ తిక్కనకు భార్య ఆడవారికి చేసినట్లు పసుపుతో స్నానం సిద్ధం చేసి సిగ్గుపరచడం, తల్లి ఎత్తిపొడవడం, ఆయన మళ్లీ వెళ్లి పోరాడి మరణించడం చాటు పద్యాల్లో నిలిచిపోయాయి. చదువుకున్న లోకం ఈ కథను నగర వీరుని దృష్టితో గుర్తుంచుకుంది. పశుపాలకుల లోకం దీన్ని కాటమరాజు దృష్టితో, మాదిగ వీరుడు బీరినీడు త్యాగం దృష్టితో గుర్తుంచుకుంది.

స్థల దృష్టితో చూస్తే మరొక విశేషం కనిపిస్తుంది. కాటమరాజు కథలో నెల్లూరు శత్రు నగరం. కథానాయకుని పేర్లు, పోరు స్థలాలు నగరానికి బయట ఉంటాయి. ఎఱ్ఱగడ్డపాడు, పంచలింగాల, పాలేరు అన్న పేర్లు గానంలో ఘనంగా వినిపిస్తాయి. నగరం పన్ను వసూలు చేసే చోటుగా మాత్రమే కనిపిస్తుంది. నెల్లూరు పేరుకు వరి అన్న అర్థం గల 'నెల్లు' మూలమని ఒక నిర్వచనం ఉంది. ఆ నిర్వచనాన్ని అంగీకరిస్తే, వరి పేరుతో వెలసిన నగరానికీ పచ్చిక వెతుక్కుంటూ వచ్చిన మందలకూ మధ్య ఘర్షణ ఈ గానానికి పునాది అని చెప్పవచ్చు. పుల్లరి అన్న మాట మధ్యయుగంతో అంతరించలేదు. 1922లో పల్నాటిలో కన్నెగంటి హనుమంతు నాయకత్వాన నడిచిన అటవీ పన్ను వ్యతిరేకోద్యమం పుల్లరి సత్యాగ్రహంగానే చరిత్రకెక్కింది.

అందువల్ల నెల్లూరు సీమలోని ప్రాచీన దేశి గానాల్లో ఒకటైన కాటమరాజు కథకు నెల్లూరు నగరంలో స్మృతిస్థలం లేకపోవడం ఆశ్చర్యం కాదు. నగరం మీద తిరుగుబాటు చేసిన పాటకు నగరమే గుర్తు పెట్టుకుంటుందని ఆశించలేం. అయితే తిక్కన పేరు చెప్పే చోటనే కాటమరాజు పేరు కూడా చెప్పకపోతే, 13వ శతాబ్దపు నెల్లూరు చరిత్రలో సగమే సందర్శకుడికి అందుతుంది.

రంగస్థలం, పురమందిరం, ఫిడేలు

పెన్న తీరం నుంచి నగర మధ్యానికి వస్తే ఆధునిక దశ మొదలవుతుంది. వేదం వేంకటరాయ శాస్త్రి 1897లో ప్రతాపరుద్రీయ నాటకాన్ని వెలువరించారు. తమ నాటకాల ప్రదర్శనకై 1899లో నెల్లూరులో ఆంధ్ర భాషాభిమాని సమాజాన్ని నెలకొల్పారు. ఆ నాటకంలో చాకలి పేరిగాని వంటి పాత్రలకు వారి వారి వాడుక మాటనే పెట్టి, పాత్రోచిత భాష అన్న వాదాన్ని శాస్త్రిగారు ముందుకు తెచ్చారు. కావ్యభాషను సమర్థించిన పండితుడే రంగస్థలం మీద పల్లె నుడికి చోటిచ్చాడు. దేశి పలుకు నగర వేదిక మీదకు వచ్చిన తొలి సందర్భాల్లో ఇదొకటిగా గణించదగినది. ఆ పలుకు ప్రేక్షకుణ్ణి నవ్వించే పాత్రలకే పరిమితం కావడం కూడా గమనించదగిందే. పల్లె నుడికి వేదిక దొరికింది గాని నాయక స్థానం దొరకలేదు.

తరువాతి కాలంలో పురమందిరం అని పిలుచుకొనే టౌన్‌హాలు సభలకు, నాటకాలకు, సంగీత కచేరీలకు ఆలంబనమైంది. ఈ నగరంలోనే 1919లో పుట్టిన తిక్కవరపు పట్టాభిరామిరెడ్డి 1939లో తన తొలి కవితా సంపుటికి 'ఫిడేలు రాగాల డజన్' అని పేరు పెట్టారు. అటు టెన్నెసీ కొండల్లో పల్లె సంగీతానికి ఫిడేలు ప్రాణవాద్యం. ఇటు దక్షిణ భారతంలో అదే వాద్యం శాస్త్రీయ కచేరీలో పక్కవాద్యంగా పీఠం సంపాదించుకుంది. పట్టాభి చేతిలో అది ఛందో బంధాలను ధిక్కరించే ఆధునికతకు సంకేతమైంది. వాద్యం తనంతట తాను మార్గమూ కాదు, దేశీ కాదు. దాన్ని ఎవరు ఎక్కడ వాయిస్తారన్న దాన్ని బట్టి దాని హోదా మారుతుంది.

తిప్పరాజువారి వీధి

సమకాలిక సందర్శకుడు నెల్లూరులో పాట కోసం వెతికితే ముందుగా అడిగేది తిప్పరాజువారి వీధి. ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం కుటుంబానికి చెందిన ఇల్లు ఆ వీధిలో ఉంది. ఆయన 1946 జూన్ 4న జన్మించారు. తండ్రి ఎస్.పి. సాంబమూర్తి హరికథా కళాకారుడు. కుటుంబ మూలాలు ఇప్పుడు తమిళనాడులో ఉన్న కోనేటమ్మపేటలో ఉన్నాయి. హరికథ ఒకే కళాకారుడు కథకుడిగా, గాయకుడిగా, నటుడిగా మారే కళ. గుడి అరుగు మీదనైనా వీధి పందిట్లోనైనా సాగుతుంది. ఒక కట్టడాన్ని నమ్ముకొని బతికేది కాదు. మార్గ సంగీతాన్ని, దేశి కథనాన్ని కలిపిన ఈ కళ ఆ ఇంటి వారసత్వం.

1966 డిసెంబరులో ఎస్.పి. కోదండపాణి సంగీత దర్శకత్వంలో శ్రీశ్రీశ్రీ మర్యాద రామన్న చిత్రానికి బాలసుబ్రహ్మణ్యం తొలి పాట పాడారు. శాస్త్రీయ సంగీతంలో క్రమ శిక్షణ పొందకపోయినా, శంకరాభరణం చిత్రంలోని పాటలకు తొలిసారి జాతీయ పురస్కారం అందుకున్నారు. మొత్తం మీద ఆయనకు ఆరు జాతీయ పురస్కారాలు లభించాయి. విని నేర్చుకొనే శక్తి, గొంతులో పాత్రను నిలిపే నేర్పు ఆయన గానానికి ఆధారాలు. ఇవి హరికథకునికీ ఆధారాలే.

ఇక్కడ ఒక చారిత్రక కారణాన్ని ప్రస్తావించాలి. నాష్‌విల్‌కు తన రేడియో కేంద్రం, తన రికార్డింగు గదులు, తన ప్రచురణ సంస్థలు తన వీధుల్లోనే ఉన్నాయి. అక్కడ ఆర్.సి.ఎ. సంస్థ 1957లో నెలకొల్పిన స్టూడియో బి ఈనాటికీ సందర్శన స్థలం. నెల్లూరుకు ఆ వసతులన్నీ మద్రాసులో ఉండేవి. ఆకాశవాణి మద్రాసు కేంద్రం 1938 జూన్ 16న ప్రారంభమైంది. తెలుగు ప్రాంతంలో విజయవాడ కేంద్రం 1948 డిసెంబరు 1 వరకు రాలేదు. గ్రామఫోను, చలనచిత్ర పరిశ్రమలు కూడా మద్రాసులోనే స్థిరపడ్డాయి. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడి నెల్లూరు జిల్లా అందులో చేరినా, పాట ఉద్యోగం మాత్రం మద్రాసులోనే మిగిలింది. సూళ్లూరుపేట సమీపాన మంగళంపాడులో 1921లో పుట్టిన ఆచార్య ఆత్రేయ నాటక రచయితగా ఎదిగి, చిత్రగీత రచయితగా స్థిరపడింది ఆ నగరంలోనే. ఫలితంగా నెల్లూరు సంగీతజ్ఞుల పని జరిగిన గదులు నెల్లూరులో లేవు. వారి పుట్టుక, బాల్యం, బంధుత్వం మాత్రమే ఇక్కడ ఉన్నాయి. బాలసుబ్రహ్మణ్యం 2020 సెప్టెంబరు 25న చెన్నైలో మరణించగా, ఆయన సమాధి తిరువళ్లూరు జిల్లా తామరైపాక్కంలో ఉంది. 2024లో చెన్నై నుంగంబాక్కంలో ఆయన నివసించిన వీధికి ఆయన పేరు పెట్టారు.

నెల్లూరు రెండు గుర్తులు నిలుపుకుంది. మొదటిది, మరణానికి కొన్ని నెలల ముందు, 2020 ఫిబ్రవరి 11న, బాలసుబ్రహ్మణ్యం తిప్పరాజువారి వీధిలోని ఇంటిని వేద పాఠశాల కోసం కంచి కామకోటి పీఠానికి అప్పగించారు. రెండవది, అదే ఏడాది నవంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం నెల్లూరులోని ప్రభుత్వ సంగీత నృత్య పాఠశాలకు ఆయన పేరు పెడుతున్నట్లు ప్రకటించింది. రెండు చోట్లా గాయకుని వస్తువులు భద్రపరచడం కంటె పాఠం చెప్పడమే ప్రధానం. ఇది నాష్‌విల్ మ్యూజియం పద్ధతికి భిన్నం. నోరా చెప్పిన స్మృతిస్థలానికీ సజీవ సంప్రదాయానికీ మధ్య ఉన్న గీత ఇక్కడ చెరిగిపోతుంది. గురుముఖతః నేర్చి, స్వరం తప్పకుండా వల్లించే వేదాధ్యయనం కూడా మౌఖిక సంప్రదాయమే. హరికథకుని ఇల్లు మళ్లీ గొంతులకే అప్పగించబడింది.

అయినా ఒక ప్రశ్న మిగులుతుంది. వేదం నోటి చదువు. కొమ్మువారి కథాగానమూ నోటి చదువే. ఒకదానికి నగరం నడుమ ఇల్లు దొరికింది. రెండవది ఏ పాఠశాల ప్రణాళికలోనూ చేరక, కుటుంబంలో తండ్రి నుంచి కొడుకుకు అందితే అందినట్లు, లేకుంటే లేనట్లుగా మిగిలింది. ప్రభుత్వ సంగీత పాఠశాలల పాఠ్యక్రమం శాస్త్రీయ గాత్ర, వాద్య, నృత్యాల చుట్టూ అల్లుకున్నదే. క్రమ శిక్షణ లేకుండా విని నేర్చిన గాయకుని పేరు పెట్టుకున్న పాఠశాలలో, విని నేర్చే దేశి గానానికీ ఒక తరగతి ఉండటం ఆ పేరుకు తగినదే అవుతుంది.

తీరం: చోటు కోల్పోయిన పాట

నగరం నుంచి తూర్పుగా సాగితే మైపాడు, కృష్ణపట్నం వంటి తీర గ్రామాలు. దక్షిణంగా పులికాట్ సరస్సు, శ్రీహరికోట దీవి. యానాదులు అధికంగా నివసించే ప్రాంతమిది. వారి జీవితాన్ని, ఆచారాలను వెన్నెలకంటి రాఘవయ్య తమ జీవితకాల కృషిగా అధ్యయనం చేశారు. వేట, చేపలు, తేనె, మూలికలు వారి జీవికకు ఆధారాలు కాగా, పాట ఆ పనులకు తోడు.

శ్రీహరికోటను అంతరిక్ష ప్రయోగ కేంద్రానికి 1969లో ఎంపిక చేశారు. 1971 అక్టోబరులో అక్కడ తొలి రాకెట్లు ఎగిరాయి. దీవిలో నివసించిన యానాది కుటుంబాలను అక్కడి నుంచి తరలించారు. దేశ విజ్ఞాన చరిత్రలో ఆ దీవి గొప్ప స్మృతిస్థలమైంది. అడవి, నీరు, పని, దేవర అన్న నాలుగింటితో ముడిపడిన పాటకు ఆ నాలుగూ ఉన్న చోటు పోతే, పాట మాటల్లో మిగిలినా సందర్భంలో మిగలదు. సోమనాథుని జాబితాలో సందర్భమే ముఖ్యమని ముందు గమనించాం. దేశి గానానికి స్థలం కట్టడం రూపంలో అవసరం లేకపోవచ్చు. బతికే నేల రూపంలో మాత్రం తప్పక కావాలి. 2022 ఏప్రిల్ 4న జిల్లాల పునర్విభజనతో శ్రీహరికోట తిరుపతి జిల్లాలో చేరింది. కాబట్టి నెల్లూరు పర్యాటక పటంలో ఆ దీవి ఇక కనిపించదు. పాటల పటానికి పాలనా సరిహద్దులు వర్తించవు గనుక ఈ వ్యాసంలో దాన్ని చేర్చడమైనది.

పరిశీలన

పై నడకలో కనిపించిన స్థలాలను మూడు వర్గాలుగా విభజించవచ్చు.

1. నిలిచిన స్థలాలు. తిక్కనతో ముడిపడిన పెన్న తీరం, పురమందిరం, తిప్పరాజువారి వీధిలోని ఇల్లు, సంగీత పాఠశాల ఈ వర్గంలోనివి. వీటికి పేరు, కట్టడం, సంస్థ మూడూ ఉన్నాయి.

2. తరలిన స్థలాలు. నెల్లూరు గాయకులు, గీత రచయితలు పనిచేసిన మద్రాసు రికార్డింగు గదులు ఈ వర్గంలోనివి. నగర సంగీత చరిత్రలో ముఖ్య భాగం నగరానికి సుమారు 175 కిలోమీటర్ల దూరాన జరిగింది.

3. గుర్తులేని స్థలాలు. కాటమరాజు మందలు మేసిన బయళ్లు, కొమ్మువారు కథ చెప్పే జాతర మైదానాలు, యానాదుల దీవి ఈ వర్గంలోనివి. వీటికి పేర్లు పాటలోనే ఉన్నాయి.

నాష్‌విల్‌తో పోల్చినప్పుడు తేలే విషయమిది. అక్కడ పల్లె పాట నగరానికి వచ్చి, వ్యాపారమై, గది సంపాదించుకుంది. గది దొరకడం వల్ల దానికి గుర్తు నిలిచింది. ఆ గదిలో కొందరికి చోటు లేకపోవడం వల్ల విస్మృతి కూడా స్థిరపడింది. నెల్లూరులో పల్లె పాట నగరంలోకి వచ్చి గది సంపాదించుకోలేదు. అది నగరం చుట్టూనే తిరిగింది. నగరంలో చోటు దొరికింది మార్గ సంగీతానికి, నాటకానికి, సినిమా పాటకు. కాబట్టి నాష్‌విల్ పర్యాటక క్రమాన్ని యథాతథంగా నెల్లూరుకు తెచ్చుకుంటే మూడవ వర్గం పూర్తిగా మరుగున పడుతుంది. పలకలు, విగ్రహాలు మొదటి వర్గానికే మళ్లీ మళ్లీ చేరుతాయి.

క్రీడాభిరామ పద్ధతి ఈ లోపాన్ని సవరించగలదు. అందులో దారి చూపేవాడు ఆగేది గోడ దగ్గర కాదు, పాడుతున్న మనిషి దగ్గర. ఆ పద్ధతిలో నెల్లూరు నడకను కూర్చితే, రంగనాథాలయ తీరాన తిక్కన పేరుతో పాటు కాటమరాజు కథాఖండం ఒకటి వినిపించాలి. పురమందిరం దగ్గర పాత్రోచిత భాషా వాదాన్ని వివరించాలి. తిప్పరాజువారి వీధిలో సినిమా పాటతో పాటు హరికథ వినిపించాలి. తీరంలో యానాది పాటను వారి నోటనే, వారి అనుమతితో, వారికి దక్కవలసిన పారితోషికంతో వినిపించాలి. చివరి షరతు అతి ముఖ్యమైనది. డిఫోర్డ్ బెయిలీ ఉదంతం నేర్పే పాఠం అదే.

విశ్వవిద్యాలయ తెలుగు శాఖల బాధ్యత ఇక్కడ స్పష్టమవుతుంది. బిరుదురాజు రామరాజు 1958లో ప్రచురించిన తెలుగు జానపద గేయ సాహిత్యం నుంచి నేటి వరకు మన జానపద పరిశోధన పాఠ సేకరణకు, వర్గీకరణకు పెద్దపీట వేసింది. అది అవసరమైన పునాది. ఇకపై సేకరించే ప్రతి గేయంతోను అది పాడిన చోటు, గేయంలో వచ్చే ఊళ్లు, ఏళ్లు, గట్లు, మేత బయళ్ల పేర్లు, ఆ పేర్లు నేడు ఏ గ్రామ పరిధిలో ఉన్నాయన్న వివరం నమోదు చేయాలి. కాటమరాజు కథాచక్రం వంటి దానిలో స్థలనామాలన్నిటినీ పటం మీద గుర్తిస్తే, 13వ శతాబ్దపు పశుపాలక సమాజపు వలస దారి కొంతవరకైనా కళ్లకు కడుతుంది. అది సాహిత్య చరిత్రకే గాక సామాజిక చరిత్రకూ ఉపకరిస్తుంది.

ఉపసంహారం

నెల్లూరు సంగీత స్మృతిస్థలాల పరిశీలన వల్ల కింది నిర్ణయాలకు రావచ్చు. ఒకటి, రికార్డింగు, ప్రసార వ్యవస్థలు మద్రాసులో కేంద్రీకృతం కావడం వల్ల నెల్లూరు తన కళాకారుల పుట్టుకను మాత్రమే స్మరించుకోగలిగిన నగరమైంది. రెండు, ఉన్న రెండు ముఖ్య గుర్తులూ ప్రదర్శనశాలలు కాక పాఠశాలలు కావడం నెల్లూరు ప్రత్యేకత. మౌఖిక పరంపరకు అది అనుకూలమైన నమూనా. మూడు, ఆ నమూనా ఇంకా దేశి గానానికి విస్తరించలేదు. నాలుగు, కట్టడం కేంద్రంగా గల పర్యాటక క్రమం కంటె గాయకుడు కేంద్రంగా గల క్రీడాభిరామ పద్ధతి మన సాంస్కృతిక పరిస్థితికి తగినది.

పుల్లరి కోసం వచ్చిన రాజభటులకు కాటమరాజు మందలు బయళ్లలో కనిపించాయి. ఏడు శతాబ్దాలు దాటిన తరువాత ఆ మందలూ లేవు, ఆ బయళ్లలో చాలా భాగమూ లేదు. ఆ బయళ్ల పేర్లను నేటికీ మోస్తున్నది కొమ్మువారి గొంతు. ఆ గొంతును స్మృతిస్థలంగా గుర్తించి, అది నిలిచి ఉండగానే దానికి విద్యార్థులను సమకూర్చడం తెలుగు శాఖల తక్షణ కర్తవ్యం.